పక్క మంచం మాట

పక్క మంచం మీది ముసలావిడ మళ్ళీ మొదలుపెట్టింది. భోజనం పళ్ళాలు తీసుకెళ్ళిన బండి చప్పుడు నడవాలో ఇంకా పూర్తిగా దూరం కానేలేదు, అంతలోనే "కండ్లల్లో పడతాండాది, కండ్లల్లో పడతాండాది" అంటూ, పక్షవాతానికి ఒక పక్కకి లాక్కుపోయిన నోటితో, సగం మాట బయటికి వదిలి సగం మాట గొంతులోనే మింగుతూ. ట్రూడి కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టు నటించింది. గదిలో ఉన్నవి రెండే మంచాలు, మూడో మనిషి లేదు, ఎవరు చూస్తారని ఈ నటన అని తనకే నవ్వొచ్చింది, కానీ అలవాటు అలాంటిది. ఆ కొండ భాష ఎక్కడ చెవిన పడినా, బస్సులో కానీ, సంతలో కానీ, చర్చి మెట్ల మీద కానీ, ఆమె ముఖం దానంతట అదే తలుపు మూసుకుంటుంది. కనుబొమ్మ కదలదు. అర్థమైన మనిషి ముఖంలో కనిపించే ఆ చిన్న వెలుగు రాకుండా లోపలే వత్తి తగ్గించేసుకుంటుంది. ఒకరోజులో వచ్చిన విద్య కాదది, ఓ జీవితమంతా పట్టింది. ఆపిల్ పళ్ళ బుట్టతో నేలమాళిగ మెట్ల మీద జారి పడితే తుంటి ఎముక తీసి కొత్తది పెట్టారు, రెండు కాళ్ళ మధ్య దిండు ఇరికించి కదలొద్దన్నారు, లేకపోతే ఈపాటికి గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. ఇప్పుడు ఆ దారీ లేదు. వెల్లకిలా పడుకుని పైకప్పు చూడాలి, పక్క మంచం వినాలి.

కిటికీ నైరుతి వైపు. పొద్దున్నంతా అందులో కొండలు మాత్రమే ఉంటాయి, ద్రావా నదికి అవతల నీలంగా బారులు తీరిన కరావాంకె కొండలు, వాటి ఇవతలి వాలు ఆస్ట్రియా, అవతలి వాలు స్లోవేనియా. మధ్యాహ్నం తిరిగేసరికి ఎండ లోపలికి వచ్చి ముందు బల్ల మీద, తర్వాత దుప్పటి మీద, చివరికి సరిగ్గా ఆ ముసలావిడ ముఖం మీద కూర్చుంటుంది. ఆవిడ తల తిప్పుకోలేదు. ఎడమ చెయ్యి లేస్తుంది కానీ కళ్ళదాకా రాదు, మధ్యలోనే వాలిపోతుంది. నిన్న కూడా ఇదే, మొన్న కూడా ఇదే. నర్సు కారిన్ వచ్చింది, మంచి పిల్ల, చేతులు ఎప్పుడూ సబ్బు వాసన వేస్తుంటాయి. "ఏం కావాలి ఓగ్రిస్ గారూ? నీళ్ళా?" అంది చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా, ముక్కున్న కప్పు నోటి దగ్గర పెట్టింది. ముసలావిడ కప్పుని తోసేసింది, నీళ్ళు దుప్పటి మీద పడ్డాయి. "నొప్పా? ఎక్కడ నొప్పి? బెడ్‌పాన్ పెట్టమంటారా?" అన్నీ అడిగింది, ఎండ గురించి మాత్రం అడగలేదు, ఎందుకంటే కారిన్ నిలబడ్డ చోట ఆమె నీడే ముసలావిడ ముఖం మీద పడుతోంది, ఆ కాసేపూ ఆవిడ ఊరుకుంటోంది, కారిన్ పక్కకి జరగగానే మళ్ళీ ఎండ, మళ్ళీ అరుపు. ట్రూడి వైపు తిరిగి, "చూశారా మోసర్ గారూ, నేను దగ్గరుంటే బాగానే ఉంటుంది, కదిలితే మొదలు. భయం పట్టుకుంది ఆవిడకి. ఆ కొండవాళ్ళ మాట తెలిసిన ఒకావిడ ఉంది మా వార్డులో, సెలవులో వెళ్ళింది. తెలిసినా లాభం లేదులెండి, అది భాష కూడా కాదు, మెదడు తికమకపడి ఏదో వస్తోందంటున్నారు డాక్టరు గారు. ఇవాళ సాయంత్రం లోపు పై అంతస్తుకి మార్చేస్తాం, మీకూ కాస్త నిద్ర దొరుకుతుంది." పై అంతస్తు అంటే ఏమిటో ట్రూడికి తెలుసు. అక్కడ మంచాలకి రెండు వైపులా కటకటాలుంటాయి, తలుపుకి బయటినుంచి గడియ ఉంటుంది. ఎక్కడినుంచో పడమటి కొండల్లోంచి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు, ఈ లోయలో రెండు మాటలున్నాయని అతనికి ఎవరు చెప్పాలి. నేనా, అనుకుంది ట్రూడి, ఆ అనుకోవడం ఇష్టం లేక గబుక్కున "ఎండ పడుతోందేమో ఆవిడ కళ్ళలో" అంది, ఏదో ఇప్పుడే తట్టినట్టు, శుభ్రమైన జర్మన్‌లో.

తెర లాగారు. గది పాలరంగు చీకటైంది. ముసలావిడ నోరు మూసుకుంది. "భలే కనిపెట్టారే" అంది కారిన్, నిజంగా మెచ్చుకుంటూ. "ఊరికే, అనిపించింది" అంది ట్రూడి. అంతే, సాయం చేసినట్టూ అయింది, దొరక్కుండానూ పోయింది. ఇలాంటి సాయాలు ఆమె ఎన్ని చేసిందో. అన్నీ విని, అన్నీ అర్థం చేసుకుని, ఒక్క మాట బయటపెట్టకుండా పని జరిపించడం. ఒకసారి కనుమ దాటి అవతలి దేశపు ఊళ్ళోకి బట్టలు కొనడానికి వెళ్ళింది భర్త ఓట్మార్‌తో, అక్కడ అన్నీ చవక, ఇక్కడినుంచి అందరూ వెళ్ళేవాళ్ళు. దుకాణంలో ఇద్దరమ్మాయిలు ఆమెకి తువ్వాళ్ళు చూపిస్తూ, నవ్వుతూ, "ఈమె నెత్తిమింద టోపీ చూడు మే, కోడి పొదగడానికి గూడు కట్టినట్ల ఉండాది" అనుకున్నారు, "గుడ్లు కూడా ఉండాయేమో చూడు" అని రెండో అమ్మాయి. ట్రూడి ముఖంలో ఏమీ లేదు. రెండు తువ్వాళ్ళు బేరమాడి కొంది, వేళ్ళతో లెక్క చూపించింది, ధన్యవాదాలు జర్మన్‌లో చెప్పింది. ఇంటికొచ్చి ఆ టోపీ అటక మీద పడేసింది, మళ్ళీ పెట్టుకోలేదు. ఓట్మార్ అడిగాడు కూడా, బాగుండేది కదే ఆ టోపీ అని. అది నిజంగా గూడులాగే ఉండేది. ఆ అమ్మాయిలు చెప్పింది నిజం. ఆ రాత్రి పక్కమీద పడుకుని ఆ మాట తలుచుకుని పొట్ట పట్టుకుని నవ్వుకుంది, ఎందుకు నవ్వుతున్నావని ఆయన అడిగితే ఏం చెప్తుంది. ఆ నవ్వు ఎవరితోనూ పంచుకోవడానికి లేదు. చాలా రోజులు నవ్వుకుంది దానికి, ఒక్కతే.

"ఎవురన్నా ఉండారా?"

ట్రూడి కళ్ళు తెరిచింది. ముసలావిడ గొంతు మారింది, ఇందాకటి విసుగు లేదు, తలుపు తట్టి అడిగినట్టుంది. చీకటి పడిందనుకుందేమో తెర లాగగానే. "ఎవురన్నా ఉండారా ఆడ?" ట్రూడి కారిన్‌ని పిలిచే గంట మీద చెయ్యి వేసింది, వేసిన చెయ్యి అలాగే ఉంచింది. కారిన్ వచ్చి ఏం చేస్తుంది? నీళ్ళు అడిగితే నీళ్ళు ఇప్పించొచ్చు. ఎండ అంటే తెర వేయించొచ్చు. ఇది అలాంటిది కాదు. దీనికి జర్మన్‌లో జవాబు లేదు, కప్పులో పోసి ఇచ్చేది కాదు, ఉన్నవాళ్ళు ఉన్నామని ఆ మాటలోనే చెప్పాలి, లేకపోతే లేనట్టే. ట్రూడి గంట మీదినుంచి చెయ్యి తీసేసింది. పైకప్పులో ఒక పగులు ఉంది, దీపం దగ్గర మొదలై గోడదాకా, కొండ మీది బాటలాగా వంకర్లు తిరుగుతూ. అమ్మ ఆ బాటమీద పాలడబ్బాతో దిగుతూ వచ్చేది. అమ్మ పోయి కూడా చాలా కాలమైంది. పెళ్ళయ్యాక అమ్మతో మన మాట మాట్లాడింది ఒక్క కొట్టంలోనే. దాన్ని వాళ్ళు స్లోవీన్ అని కూడా అనేవాళ్ళు కాదు, అది పుస్తకాల్లో పేరు, ఇంట్లో దానికి పేరే లేదు, మన మాట, అంతే, ఊళ్ళోవాళ్ళు మాత్రం విండిష్ అని పెదవి విరిచేవాళ్ళు. ఆదివారం ఓట్మార్, పిల్లవాడు వంటింట్లో కూర్చుని పంది మాంసం తింటుంటే, అమ్మ పాలు పిండే వేళయిందని లేచేది, ట్రూడి సాయం చేస్తానని వెనకాలే వెళ్ళేది. కొట్టం తలుపు మూయగానే ఇద్దరి నోళ్ళూ తెరుచుకునేవి. ఒకసారి ఓట్మార్ తలుపు తోసి లోపలికి తొంగిచూసి, ఇద్దరూ ఏదో గుసగుసలాడుతున్నారే అన్నాడు, నవ్వుతూనే. అమ్మ తల ఎత్తకుండా తనకొచ్చిన విరిగిన జర్మన్‌లో, "ఆవు అల్లుడూ, ఆవు. దానికి జర్మన్ రాదు. జర్మన్‌లో అడిగితే పాలు ఇవ్వదు" అంది. ఓట్మార్ పగలబడి నవ్వాడు, ఆ జోకు ఊరంతా చెప్పాడు, సారాకొట్టులో ఆయన చెప్పే జోకుల్లో అదొకటైంది, మా అత్తగారి ఆవు విండిష్. షేకా అని పేరు ఆ ఆవుకి, నల్ల మచ్చల ఆవు. అమ్మ పోయాక దాన్ని అమ్మేశారు. వ్యాపారి దాన్ని బండి ఎక్కిస్తుంటే ఎక్కలేదు, కాళ్ళు తన్నిపెట్టుకుని నిలబడింది, వాడు జర్మన్‌లో అదిలిస్తున్నాడు, కర్రతో కొడుతున్నాడు, ట్రూడి దగ్గరకి వెళ్ళి మెడ మీద చెయ్యి వేసి చెవిలో "పో తల్లీ, పో" అంది. వెంటనే ఎక్కింది. ఆ తర్వాత ట్రూడి ఆ భాషలో ఎవరితోనూ మాట్లాడలేదు. అన్న ఇల్లు అమ్మేసి గనుల్లో పనికి వెళ్ళి అక్కడే పోయాడు, ఆ ఇల్లు వియన్నా వాళ్ళెవరో కొన్నారు, ఎండాకాలం పది రోజులు వచ్చి కొట్టంలో కార్లు పెట్టుకుంటారు.

"ఎవురన్నా ఉండారా?" ఈసారి ఇంకొంచెం మెల్లగా. ఈవిడ ఎవరు? ఓగ్రిస్ అంటే ఈ లోయలో పది ఊళ్ళలో ఉంటారు. కూతురు ఎక్కడో దూరపు పట్నంలో ఉంటుందట, ఆదివారం వచ్చింది, మంచం పక్కన కూర్చుని తల్లి చెయ్యి పట్టుకుని జర్మన్‌లో ఏడ్చింది. తల్లి ఆమెను పరాయిదాన్ని చూసినట్టు చూసింది. ఆ కూతురికి రాదు. ఈవిడ కూడా నేర్పలేదన్నమాట. ఇప్పుడు రక్తం గడ్డొకటి తలలోకి వెళ్ళి జర్మన్ అంతా ఊడ్చేసింది, గచ్చు కొట్టుకుపోతే కింది మట్టి తేలినట్టు, అడుగున ఉన్నదే మిగిలింది. రేపు నాకూ అంతేనా, అనుకుంది ట్రూడి. నాకూ అలా అయితే కొడుకు గెర్నోట్ నా మంచం పక్కన కూర్చుని ఏం వింటాడు. బడిలో మొదటిరోజు గుర్తొచ్చింది, కిటికీ బయట మంచు, మాస్టారు పేరు అడిగాడు, జెరా అంది, ఒక చెంపదెబ్బ, మళ్ళీ అడిగాడు, తెలియక మళ్ళీ జెరా అంది, రెండో చెంప. గెర్ట్రూడ్ అని చెప్పాలని పక్క పిల్ల చెవిలో ఊదింది. ఆ పక్క పిల్ల కూడా మనదే. తర్వాత ఆ ఏప్రిల్ పొద్దు, యుద్ధం నడుస్తున్న కాలం, ఇంకా మంచు కరగలేదు, పోలీసులు వంటింట్లో నిలబడి ఉన్నారు, వాళ్ళ బూట్ల కింద మడుగు, మోయగలిగినంత మూట కట్టుకోండి అన్నారు. మీరు ఈ దేశం మనుషులు కారు అన్నారు. నాన్న ఏ దేశం మనుషులం మరి అని అడిగాడు, నిజంగా తెలుసుకుందామని అడిగినట్టు. పొయ్యి మీద గంజి ఉడుకుతోంది, అమ్మ దాన్ని దించాలా వద్దా అని గరిటె పట్టుకుని నిలబడింది. దించింది. ఎవరి కోసం దించిందో. తీసుకెళ్ళి పడేసిన శిబిరంలో, జర్మనీలో ఎక్కడో, చెల్లెలు లిజ్కా మొదటి చలికాలంలోనే పోయింది, అమ్మకి పాలు ఎండిపోయాయి. ఆకలి, చలి, పని, అన్నీ గుర్తున్నాయి, కానీ ఎవరితోనూ చెప్పలేని సంగతి ఇంకొకటి గుర్తుంది. రాత్రి దీపాలార్పాక ఆ పొడుగాటి గదిలో, అరలు అరలుగా పడుకున్న ఇన్ని కుటుంబాలు, అందరూ కొండ మీది మనవాళ్ళే, అందరూ మన మాటే మాట్లాడుకునేవాళ్ళు, ఒకళ్ళు పైనుంచి కిందకి, ఒకళ్ళు ఈ మూల నుంచి ఆ మూలకి, ఎవడు వింటాడన్న భయం లేదు, విని ఇంకేం చేస్తాడు, చేసేదంతా చేసేశాడు. జీవితం మొత్తం మీద ఆమె గొంతు తగ్గించకుండా ఆ మాట మాట్లాడింది ఆ ముళ్ళకంచె లోపలే. తిరిగొచ్చాకే ఒంటరిదైంది. పదహారేళ్ళకి పట్నంలో హోటల్లో పనికి చేరితే యజమానురాలు జెరానా, అదేం పేరమ్మా, అతిథులకి నోరు తిరగొద్దూ, ట్రూడి అందాం అంది. దెబ్బ లేదు, కసురు లేదు, జేబులో చాక్లెట్ పెట్టి మరీ చెప్పింది. మాస్టారి చెంపదెబ్బ చేయలేనిది ఆ చాక్లెట్ చేసింది.

ఓట్మార్ చెడ్డవాడు కాదు. అది చెప్పాలి, ఎవరైనా అడిగితే ముందు అదే చెప్తుంది. కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగం, బలమైన భుజాలు, తాగినా చెయ్యెత్తే రకం కాదు, ఆమె జ్వరంతో పడుంటే గిన్నెలు తోమేవాడు. గెర్నోట్ కడుపులో ఉన్నప్పుడు, పొట్ట మీద చెయ్యి వేసి, "వీడికి ఒక్క నాలుక చాలు ట్రూడీ. రెండు నాలుకలుంటే రెండింటి తిప్పలూ వీడికే" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆమె సరేనంది. పిల్లవాడికి జోల పాడాలంటే జర్మన్‌లో పాటలు రావు, అందుకని మాట లేకుండా మూలిగినట్టు రాగం తీసేది. వాడు ఆ మూలుగుకే నిద్రపోయేవాడు. కాస్త పెద్దయ్యాక, "అమ్మమ్మ మాట్లాడేది నీకు వచ్చా?" అని అడిగితే, "చిన్నప్పుడు వచ్చేది, మర్చిపోయాను" అంది. అంత సులువుగా నోట్లోంచి వచ్చింది ఆ మాట. తర్వాత అందరికీ అదే చెప్పింది, అందరూ నమ్మారు, నిజం చెప్పాలంటే కొన్ని రోజులు తనే నమ్మింది. ఆ ఏడాది శరత్కాలంలో ప్రభుత్వం ఊళ్ళ మొదట్లో రెండు భాషల్లో పేర్లు రాసిన పలకలు పాతించింది, పైన జర్మన్, కింద మన మాట. బస్సులోంచి చూసింది ఆమె, తన ఊరి పేరు అచ్చులో, ఇనుప పలక మీద, దారిన పోయే అందరికీ కనపడేట్టు. ఎవరో తన బట్టలు నడిరోడ్డు మీద ఆరేసినట్టు సిగ్గేసింది, సిగ్గుతోపాటు ఇంకేదో కూడా, దానికి పేరు పెట్టలేదు. వారం తిరక్కుండా లోయలో మగవాళ్ళంతా కార్ల బారులు కట్టుకుని వెళ్ళి ఆ పలకలన్నీ ఊడబెరికారు. ఓట్మార్ కూడా వెళ్ళాడు. సొంత పానా తీసుకెళ్ళాడు, స్తంభాల పని తెలిసినవాడు కదా, బోల్టులు విరగ్గొట్టకుండా నీట్‌గా విప్పాడట, తర్వాత గర్వంగా చెప్పుకున్నాడు. బురద బూట్లతో వచ్చి ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి, "నీ మీద ఏం లేదు ట్రూడీ, నువ్వు మనదానివి" అన్నాడు. ఆయన చొక్కా ఆమే ఉతికింది. ముంజేతి దగ్గర గ్రీజు మరక ఎంత రుద్దినా పోలేదు, అయినా ఆయన ఆ చొక్కా తొడుక్కునే తిరిగాడు. నువ్వు మనదానివి. ఎవరం మనం? ఇంత ప్రేమించిన మనిషి, పక్కన పడుకున్నది ఎవరో తెలియకుండానే పోయాడు, గుండె జబ్బుతో, నిద్రలో. ఆయన చెయ్యి పట్టుకుని ఆ తెల్లవారు ఏడుస్తూ ఏం మాట్లాడిందో, ఏ భాషలో మాట్లాడిందో ఇప్పటికీ గుర్తు రాదు.

తలుపు తెరుచుకుంది. గెర్నోట్. వాడి అడుగులు ముందే వినిపిస్తాయి, తండ్రి అడుగులే. ట్రాక్టర్లు అమ్మే కంపెనీలో మేనేజరు, గోధుమరంగు కోటు, చేతిలో ద్రాక్షపళ్ళు, పత్రిక. "ఏమ్మా, డాన్సు ఎప్పుడు మొదలుపెడతావు?" అన్నాడు వంగి నుదుటి మీద ముద్దు పెట్టి.

"నీ రెండో పెళ్ళికి" అంది ట్రూడి.

"మొదటిదానితోనే చస్తున్నాను. చీకట్లో కూర్చున్నారేం మీరిద్దరూ?" కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, ద్రాక్షపండు ఒకటి నోట్లో వేసుకున్నాడు. ముసలావిడ కొత్త గొంతు విని కళ్ళు తిప్పింది. "ఎవురన్నా ఉండారా?" అంది వాడి వైపే. గెర్నోట్ నవ్వాడు, చెడ్డగా కాదు, బస్సులో తాగుబోతుని చూసి నవ్వినట్టు. "మొదలైంది కొండమీది రేడియో. పాపం రోజంతా ఇదేనా? వేరే గది ఇమ్మని నేను అడగనా అమ్మా?"

"అక్కర్లేదు. ఈవిడనే మార్చేస్తారట, పైకి."

"మంచిదేలే. అమ్మమ్మ కూడా చివర్లో ఇలాగే కదూ, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నాకు భయమేసేది తెలుసా చిన్నప్పుడు, నన్ను తిడుతోందేమో అనుకునేవాణ్ణి."

ట్రూడి తల తిప్పి కొడుకుని చూసింది. నుదుటి దగ్గర జుట్టు పలచబడింది, ముక్కు మాత్రం ఆమె నాన్నది, అచ్చం. తిట్టలేదురా, అనుకుంది. అమ్మ చివరి రోజుల్లో నిన్ను దగ్గరకి రమ్మనేది, బుగ్గ చూపించమనేది, నా బంగారుకొండ, నా తేనెతుట్టె అనేది, నేను పక్కనే నిలబడి ఉన్నాను, నువ్వు తలుపు దగ్గర నిలబడి నన్ను చూశావు ఏమంటోందని, నేను భుజాలెగరేశాను. ఇన్నేళ్ళు వాడు అది తిట్టనుకున్నాడు. నోరు తెరవబోయింది చెబుదామని. అంతలో కారిన్ వచ్చింది, ఆమె వెనక ఇద్దరు మనుషులు చక్రాల మంచంతో, కదిలే గదిలా ఉంది అది, రెండు వైపులా కటకటాలు పైకెత్తి. "పైన మంచం ఖాళీ అయింది" అంది కారిన్. ముసలావిడ దువ్వెన, జపమాల, పళ్ళ సెట్టు పెట్టుకునే గ్లాసు ఒక సంచిలో వేస్తోంది. గెర్నోట్ దారివ్వడానికి కుర్చీ వెనక్కి జరిపాడు. ఆ ఇద్దరూ దుప్పటి అంచులు పట్టుకున్నారు, బరువు చూసుకుంటూ, అలవాటైన పనిలా. ముసలావిడ ఎడమ చెయ్యి, ఇన్ని రోజులూ కళ్ళదాకా కూడా లేవని చెయ్యి, మంచం పక్క చువ్వని పట్టుకుంది. అరవలేదు. గొడవ చేయలేదు. గదిలో అయిదుగురు మనుషులుండగా, వాళ్ళందరి ముఖాలూ ఒక్కొక్కటే చూస్తూ, "ఎవురన్నా ఉండారా?" అని అడిగింది.

"ఉండాను" అంది జెరా.

అది కొట్టంలో మాట్లాడే గొంతు, తగ్గించి, మెత్తగా. ఆమెకి వేరే గొంతు లేదు ఆ భాషలో. దుప్పటి పట్టుకున్న మనుషులు ఆగారు. ముసలావిడ కళ్ళు వెతుక్కుంటూ వచ్చి ఆమె దగ్గర నిలిచాయి.

"ఎవురు?"

"నేను."

"నేనంటే ఎవురు? ఎవురి బిడ్డవు మే?"

కొండ మీద కొత్త ముఖం కనపడితే ఎవరైనా అడిగేది అదే, పేరు తర్వాత. మోసర్ అనబోయింది, నాలుక తిరగలేదు, ఆ ప్రశ్నకి అది జవాబు కాదు, ఓట్మార్ భార్యని అన్నా కాదు, గెర్నోట్ తల్లిని అన్నా కాదు. అక్కడ మనిషికి ఇంటిపేరు ఇల్లే ఇస్తుంది, ఎవరు కొన్నా ఎవరు అమ్మినా కొండ మీది ఆ ఇంటికి ఆ పేరే. "పెచ్నిక్ వాళ్ళ బిడ్డని" అంది. "జెరాని."

"మర్చిపోయానన్నావు కదమ్మా" అన్నాడు గెర్నోట్. మెల్లగా అన్నాడు. ఆమె వాడివైపు చూడలేదు, చూస్తే ఆగిపోతానని తెలుసు. కారిన్‌తో జర్మన్‌లో చెప్పింది, "ఆవిడకి మతి చెడలేదు. స్లోవీన్‌లో మాట్లాడుతోంది. మధ్యాహ్నం నుంచి ఒక్కటే అడుగుతోంది, ఎవరైనా ఉన్నారా అని." కారిన్ చేతిలో సంచి అలాగే ఉండిపోయింది. "మీరు ఇన్ని రోజులూ..." అని, మిగతాది అనకుండా, జపమాల తీసి మళ్ళీ బల్ల మీద పెట్టింది. ఆ మనుషుల్ని ఉండమని చెప్పి ఫోను దగ్గరకి వెళ్ళింది. నడవాలో ఆమె గొంతు వినిపించింది, డాక్టరుతో కాబోలు, మొదట మర్యాదగా, తర్వాత అంత మర్యాద లేకుండా. తిరిగొచ్చి, సెలవులో ఉన్నావిడ వచ్చేదాకా ఇక్కడే ఉంచమన్నారు అంది. చక్రాల మంచం ఖాళీగా వెళ్ళిపోయింది. గెర్నోట్ లేచి నిలబడ్డాడు, కోటు గుండీలు పెట్టుకున్నాడు, విప్పాడు, "సిగరెట్ కాల్చి వస్తాను" అన్నాడు. వాడు సిగరెట్ మానేసి చాలా కాలమైంది. అడుగులు నడవాలో కొంత దూరం వెళ్ళి ఆగాయి, మెట్లు దిగిన చప్పుడు లేదు, వెనక్కి వచ్చిన చప్పుడూ లేదు.

ముసలావిడ ఇంకా ఆమెనే చూస్తోంది. నుదురు ముడిపడింది, ఏదో లెక్క కుదరనట్టు. "పెచ్నిక్ వాళ్ళను తెల్లారకముందే బండెక్కిచ్చి తోలుకపోయిరి గదమ్మీ" అంది. "నేను చూస్తి. ఇంటాయన, పెండ్లాము, పిల్లోల్లు, అందర్నీ. ఆ ఇంట్లో ఎవురూ లేరు. నువ్వెట్ల మిగిల్తివి?"

మతి చెడలేదని ఇప్పుడే పూచీ పడింది జెరా. ఇంకా ఆ ఏప్రిల్ పొద్దులోనే ఉన్న మనిషికి ఏం చెప్పాలి? యుద్ధం అయిపోయిందని, తాము తిరిగొచ్చామని, నాన్న పోయాడని, అమ్మ పోయిందని, తనకి అరవై దాటాయని, తుంటిలో ఇనుము ఉందని, చెప్పడానికి మాటల కోసం వెతికింది. ఆమె దగ్గరున్నవి చిన్నపిల్ల మాటలు, తొమ్మిదేళ్ళ దగ్గర ఆగిపోయినవి, ఆవుతో, అమ్మతో మాట్లాడుకున్నవి. వాటితో అంత పెద్ద సంగతి చెప్పలేదు. "తెలీదు" అంది చివరికి. అది నిజం కూడా.

ముసలావిడ ముఖం మెత్తబడింది. చువ్వ మీది చెయ్యి వదిలి రెండు మంచాల మధ్య గాలిలోకి చాపింది. అందుకోవడానికి జెరా భుజం వరకూ జరిగింది, కదలొద్దన్న కాలు మండింది, వేళ్ళ చివరలు తగిలాయి. "ఏడవొద్దు" అంది ముసలావిడ, జెరా ఏడవడం లేదు, లేదా ఏడుస్తోందేమో. "బయట నిలబడొద్దు మే, ఎవురన్నా చూస్తారు. లోపలికి రా. పొయ్యిమింద పాలుండాయి. మెల్లగా రా, మా పిల్లోల్లు పండుకోనుండారు."

కారిన్ మంచాల మధ్యకి వచ్చి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏమంటున్నారు ఆవిడ?" అని అడిగింది.

"లోపలికి రమ్మంటోంది" అంది జెరా.